అడిగితే చెబుతా: గాలిని పిండిన క్లోడ్

పోయిన సంచికలో తిరుపతి గాంధీ రోడ్డు పాత లాడ్జీల నియాన్ బోర్డుల గురించి రాస్తూ చివర్లో ఊరికే ఒక మాట వదిలాను. ఈ దీపం తయారుచేసిన ఫ్రెంచి కెమిస్టు జార్జ్ క్లోడ్‌కి 74 ఏళ్ళ వయసులో యావజ్జీవ జైలుశిక్ష పడింది అని. ఎందుకు పడిందో రాయలేదు, పేజీ అయిపోయింది. ఇక చూడండి, అప్పట్నుంచీ నా ఫోను మోగుతూనే ఉంది. అట్లా సగంలో వదిలేస్తే ఎట్లా సామీ అని ఒకరు, దీపం చేస్తే జైలేంటి సార్ అని ఇంకొకరు. అందుకని ఈసారి బోరునీళ్ళ ఉప్పు, మామిడికాయలకు కార్బైడు, వెండి నల్లబడటం లాంటి ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి, క్లోడ్ మీద వచ్చినవే తీసుకున్నాను. జైలు సంగతీ ఉంది గానీ దాని వరసలో అది వస్తుంది, ముందే అక్కడికి దూకకండి.

ప్రశ్న: మా నాన్న ముప్పై ఏళ్ళు గాజు గొట్టాలు వంచి నియాన్ బోర్డులు చేశాడు. నేను ఇప్పుడు ఎల్ఈడీ పట్టీలు అతికిస్తున్నాను, కస్టమర్లు దీన్ని కూడా నియానే అంటున్నారు. అసలు నియాన్ కనిపెట్టింది క్లోడేనా? (సైన్ బోర్డుల షాపు, లీలామహల్ సర్కిల్, తిరుపతి)

జవాబు: దీపం ఆయనది, నియాన్ ఆయనది కాదు. నియాన్ వాయువును 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ కనిపెట్టారు. రామ్సే కొడుకు, పదమూడేళ్ళ పిల్లాడు, కొత్తది కాబట్టి లాటిన్‌లో కొత్త అని అర్థం వచ్చే పేరు పెట్టమన్నాడట, తండ్రి దాన్నే గ్రీకులోకి మార్చి నియాన్ అన్నాడు. గాజు గొట్టంలో గాలి లాగేసి, కాస్త ఏదో ఒక వాయువు నింపి కరెంటు పంపితే రంగు వెలుగు వస్తుందన్నది కూడా అప్పటికి నలభై ఏళ్ళుగా తెలిసిన సంగతే. మరి క్లోడ్ చేసిందేంటంటే, దారికి అడ్డంగా పడున్న బండను పక్కకు నెట్టాడు. ఆయన బతుకంతా ఇదే వరస, కింద జవాబుల్లో కూడా మీకే కనబడుతుంది. ఆలోచన ఇంకొకరిది, అది ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంటుంది, ఈయన వెళ్ళి ఆ ఆగినచోట కూర్చుంటాడు.

ఇక్కడ ఆగింది రెండు చోట్ల. ఒకటి సరుకు. గాలిలో పది లక్షల పాళ్ళు తీసుకుంటే అందులో నియాన్ 18 పాళ్ళు, అంతే. రామ్సే లాంటివాళ్ళకు అది చిన్న సీసాలో దాచుకునే అపురూపం. క్లోడ్‌కేమో గాలి నుంచి ఆక్సిజన్ తీసే ఫ్యాక్టరీ రాత్రింబవళ్ళు నడుస్తోంది, మినపప్పు కడిగినచోట పొట్టు మిగిలినట్టు ఆయన దగ్గర నియాన్ మిగిలిపోయేది. రెండోది, గొట్టం చివర్ల ఉండే ఎలక్ట్రోడ్లు. అవి వేడెక్కి, వాటి లోహం రేణువులుగా ఎగిరి గాజుకు అంటుకుని, పోతూపోతూ లోపలున్న వాయువును కూడా మింగేసేవి, కొన్నాళ్ళకే దీపం మసకబారేది. క్లోడ్ వాటిని పెద్దవిగా చేశాడు, ముందే బాగా కాల్చి వాటిలో దాగిన మలిన వాయువులను బయటికి రప్పించాడు, ఆ మిగిలిన చెత్తను ద్రవ గాలితో చల్లబరచిన బొగ్గు పీల్చుకునేలా ఏర్పాటు చేశాడు. ఈ ఎలక్ట్రోడ్ మీద అమెరికా పేటెంటు 1915 జనవరిలో వచ్చింది.

1910 డిసెంబరులో పారిస్ మోటారు షోకి, గ్రాన్ పలే అనే పెద్ద భవనంలో, ఒక్కొక్కటి 12 మీటర్ల పొడవున్న రెండు గొట్టాలు వెలిగించాడు. ఆయన ఆశ ఇళ్ళలో దీపాలు పెట్టాలని. ఎర్రటి వెలుగులో ఎవరన్నా అన్నం తింటారా చెప్పండి, చారు ఏదో సాంబారు ఏదో తెలీదు. ఆయన దగ్గర పనిచేసే జాక్ ఫోన్సెక్ అనే ఆయనకు తట్టింది, ఇది ఇంటికి కాదు బజారుకు అని. 1912లో పారిస్‌లోని మోన్‌మార్త్ర్ బులవార్డులో ఒక మంగలి షాపుకి మొదటి బోర్డు అమ్మారు. లాడ్జీ కాదు, సినిమా హాలు కాదు, మంగలి షాపు.

మీ నాన్నగారి లాంటి ఒకాయన షెడ్డు ముందు నేను చదువుకునే రోజుల్లో గంటలకొద్దీ నిలబడేవాణ్ణి. గొట్టాన్ని మంట మీద తిప్పుతూ తిప్పుతూ, ఒక కొన బిరడాతో మూసి, రెండో కొనకు తగిలించిన రబ్బరు ట్యూబును పళ్ళతో పట్టుకుని ఉండేవాడు. గాజు అప్పడాల పిండిలా మెత్తబడగానే కాగితం మీద గీసుకున్న అక్షరం మీద పడేసి వంచి, అదే క్షణంలో ట్యూబులోకి మెల్లగా ఊదేవాడు, లేకపోతే వంపు దగ్గర గొట్టం చప్పిడైపోతుంది. ఒక్క ‘ల’ అక్షరానికి ఎన్ని ఊదులో. తర్వాత వాక్యూమ్ పంపు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి గొట్టాన్ని సలసలా కాల్చి మురికంతా లాగేసి చిటికెడు వాయువు వదిలేవాడు. నియాన్ నింపితే ఎరుపు కలిసిన నారింజ. నీలం కావాలంటే ఆర్గాన్‌లో ఒక చుక్క పాదరసం. మిగతా రంగులన్నీ గాజు లోపల పూసిన పొడి మాయో, రంగు గాజు మాయో.

ఇప్పుడు మీరు అతికించేది సిలికాన్ తొడుగులో పెట్టిన ఎల్ఈడీ వరస. కరెంటు తక్కువ తింటుంది, పగలదు, కస్టమర్‌కి చవక, మంచి సరుకే. నియాన్ అన్న పేరు మాత్రం అరువు తెచ్చుకున్నది.

ప్రశ్న: డి.ఎ. సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే వాడాలని మా మేస్త్రి అరుస్తాడు. ఆక్సిజన్‌ది పడుకోబెట్టినా అంత గోల చెయ్యడు. దీనికీ మీ క్లోడ్‌కీ ఏదో సంబంధం ఉందని బీటెక్ చదివే ఆయన కొడుకు అంటున్నాడు, నిజమా? (గ్యాస్ వెల్డర్, రేణిగుంట)

జవాబు: నిజం. మీ మేస్త్రికి నా నమస్కారం చెప్పండి. డి.ఎ. అంటే కరిగించిన ఎసిటిలీన్. ఆ కరిగించడమే క్లోడ్ పేరు మొదటిసారి బయటికి తెచ్చిన పని, 1897 నాటిది, అప్పటికాయనకు 27 ఏళ్ళు కూడా నిండలేదు.

ఎసిటిలీన్ మహా పొగరుబోతు వాయువు. రెండు వాతావరణాల ఒత్తిడి దాటించి ఉత్తినే సిలిండర్లోకి నొక్కారంటే, గాలి తగలకుండానే, నిప్పు లేకుండానే, తనంతట తాను విరిగిపోయి పేలుతుంది. అప్పట్లో ఊళ్ళల్లో దీపాలకు ఎసిటిలీన్ కావాలి, కానీ మోసుకెళ్ళే దారి లేదు. క్లోడ్, ఆల్బర్ట్ హెస్ అనే ఇంకొకాయనా కలిసి దాన్ని ఎసిటోన్ ద్రవంలో కరిగించారు. మామూలు ఒత్తిడిలోనే ఒక లీటరు ఎసిటోన్ సుమారు 25 లీటర్ల ఎసిటిలీన్‌ను తాగేస్తుంది, 12 రెట్ల ఒత్తిడి పెడితే 300 లీటర్లు. గోలీ సోడా గుర్తుందా, గోలీ నొక్కేదాకా గ్యాసంతా నీళ్ళలో బుద్ధిగా కూర్చుని ఉంటుంది, వేలితో నొక్కగానే బుస్సుమంటుంది. ఇదీ అంతే. దాంతో పాటు సిలిండరంతా స్పాంజిలాంటి ఒక గట్టి పదార్థంతో నింపి ఉంటుంది, ఎక్కడన్నా పేలుడు మొదలైనా ఆ సన్న రంధ్రాల్లో పాకలేక చచ్చిపోతుంది. మీ మెరూన్ రంగు సిలిండర్ని తట్టి చూడండి, ఖాళీదైనా ఖంగుమనదు.

పడుకోబెట్టి వాడితే ఏమవుతుందంటే గ్యాసుతో పాటు ఎసిటోన్ కూడా రెగ్యులేటర్లోకి, పైపుల్లోకి కారుతుంది. మంట పాడవుతుంది, రబ్బరు తినేస్తుంది, సిలిండర్లో ఎసిటోన్ తగ్గిపోయాక అక్కడ కరగని ఎసిటిలీన్ మిగులుతుంది, అసలు ప్రమాదం అది. ఆటోలో పడుకోబెట్టి తెచ్చారనుకోండి, నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే వాల్వు తిప్పండి. ఆ లైనులో ఉత్త రాగి ముక్కలు వాడకండి, ఎసిటిలీన్ రాగితో కలిసి పేలే పదార్థం తయారుచేస్తుంది. నల్ల సిలిండర్ వైపు అయితే నూనె చేతులతో పోకండి, ఆక్సిజన్ ఒత్తిడికి గ్రీజు దానంతటదే అంటుకుంటుంది. ఇవి మీ మేస్త్రి చెప్పే ఉంటాడు, నేను చెప్తే ఇంకోసారి వింటారని రాశాను.

ప్రశ్న: గాలి నుంచి ఆక్సిజన్ తీస్తారని పుస్తకంలో రెండు లైన్లుంది. గాలిని ద్రవంగా ఎలా మారుస్తారు సార్? క్లోడ్ పద్ధతి, లిండే పద్ధతి అని రెండున్నాయి, ఎప్పుడూ తారుమారైపోతున్నాయి, పరీక్షంటే టెన్షన్‌గా ఉంది. (ఇంటర్ సెకండియర్ అమ్మాయి, చిత్తూరు)

జవాబు: టెన్షన్ వద్దమ్మా, సైకిల్ పంపు తెచ్చుకో. గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కుతుంది. అదే ట్యూబు వాల్వు పిన్ను నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగులుతుంది. ఒత్తితే వేడి, వదిలితే చలి. జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే 1895లో చేసింది, గాలిని విపరీతంగా ఒత్తి, ఆ వేడిని నీళ్ళతో తీసేసి, సన్న రంధ్రం గుండా వదలడం. కొంచెం చల్లబడుతుంది. ఆ చల్లగాలితో లోపలికొచ్చే కొత్త గాలిని చల్లబరిచి మళ్ళీ వదలడం. తిరగ్గా తిరగ్గా చివరికి చుక్కలు రాలుతాయి.

క్లోడ్ అడిగిన ప్రశ్న చాలా సంసారపక్షంగా ఉంటుంది. అంత ఒత్తిడి పెట్టి కూడబెట్టిన గాలిని ఊరికే రంధ్రంలోంచి ఎందుకు వదలాలి, దానితో పని చేయించుకోవచ్చు కదా. ఒత్తిన గాలిని ఒక సిలిండర్లోకి పంపి పిస్టన్ నెట్టమన్నాడు. నెట్టడానికి శక్తి కావాలి, ఆ శక్తి గాలి తన ఒంట్లోని వేడి నుంచే తీసుకోవాలి, కాబట్టి ఇంకా బాగా చల్లబడుతుంది. లిండే గాలి తీరిగ్గా బయటికి నడిచి వస్తుంది, క్లోడ్ గాలి కూలికి పోయి అలిసి వస్తుంది. ఇట్లా గుర్తుపెట్టుకో, మర్చిపోవు.

ఈ కూలి ఆలోచన కూడా ఆయనకంటే ముందే ఉంది. ప్రయత్నించినవాళ్ళు ఓడిపోయారు, ఎందుకంటే ఏ పిస్టన్‌కైనా నూనె వెయ్యాలి, అంత చలిలో ఏ నూనైనా రాయిలా గడ్డకట్టి యంత్రం పట్టేస్తుంది. క్లోడ్ మొదట పెట్రోలియం ఈథర్ వాడాడు, అది చాలా చలిదాకా గడ్డకట్టదు. తర్వాత దొరికిన కిటుకు చూడు: జిడ్డంతా తీసేసిన తోలు. పిస్టన్ చుట్టూ తోలు కప్పులు పెడితే నూనే అక్కర్లేకుండా, ఆ చలిలో కూడా మెత్తగా జారాయి. మీ ఊళ్ళో చేతిపంపు బాగుచెయ్యడానికి వచ్చినాయన రాడ్లు పైకి లాగి గిన్నెలాంటి తోలు వాషరు మారుస్తాడు చూశావా, దాని చుట్టమే ఇది. ఎంతమంది పెద్ద పెద్ద లెక్కలు వేసినా ఆగిపోయిన పని ఒక తోలు వాషరు దగ్గర తెగింది, నాకైతే క్లోడ్ జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే, క్లాసులో ముప్పై ఏళ్ళు చెప్పాను. 1902 మే నెలలో ద్రవ గాలి వచ్చింది. అదే ఏడాది నవంబరులో స్నేహితుడు పోల్ దెలోర్మ్‌తో కలిసి ఎయిర్ లిక్విడ్ కంపెనీ మొదలైంది, ఇప్పటికీ ప్రపంచంలో పెద్ద గ్యాస్ కంపెనీల్లో అదొకటి.

ద్రవం వచ్చాక విడదీయడం తేలిక. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర. మెల్లగా వేడెక్కనిస్తే నైట్రోజన్ ముందు ఎగిరిపోతుంది. లెక్చరర్‌గా పనిచేసినవాణ్ణి ఈ ఉదాహరణ చెప్పకూడదు గానీ, నాటుసారా బట్టీలో సారా ముందు ఆవిరై వచ్చి నీళ్ళు కుండలో మిగిలినట్టు. పరీక్షలో మాత్రం అంశిక స్వేదనం అని రాయి.

ఇంకో మాట. కోవిడ్ అప్పుడు చాలా ఆస్పత్రుల ఆవరణల్లో పెట్టిన చిన్న ప్లాంట్లు ఈ పద్ధతివి కావు. వాటిని పీఎస్ఏ అంటారు, వాటిలో జియొలైట్ గుళికలు నైట్రోజన్‌ను పట్టేసుకుని ఆక్సిజన్‌ను వదిలేస్తాయి, గాలిని ద్రవం చెయ్యరు. ఆస్పత్రి వెనకాల తెల్లటి పొడుగాటి ట్యాంకు, కింద పైపుల మీద మంచు పేరుకుని ఉంటుందే, అది క్లోడ్, లిండేల వంశం.

ప్రశ్న: శ్రీహరికోట రాకెట్లలో పోసే లిక్విడ్ ఆక్సిజన్ కూడా ఇట్లాగే చేస్తారా? (సూళ్ళూరుపేట పాఠకుడు)

జవాబు: గాలిని చల్లార్చి విడదీసే ఈ దారే. పిస్టన్ల బదులు ఇప్పుడు గిర్రున తిరిగే టర్బైన్లు. చంద్రయాన్-3ని 2023 జూలైలో ఎత్తుకెళ్ళిన ఎల్‌వీఎం-3 పై దశలో ద్రవ ఆక్సిజన్, ద్రవ హైడ్రోజన్ ఉంటాయి. హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీలు, అది వేరే కథ.

ప్రశ్న: ఇన్ని పేటెంట్లున్నాయి కదా, బాగా సంపాదించాడా? (కిరాణా వ్యాపారి, శ్రీకాళహస్తి)

జవాబు: బాగా. ఒక్క నియాన్‌కే అమెరికాలో ఊరికొకరికి లైసెన్సులమ్మాడు. తర్వాత చాలావరకు తీసుకెళ్ళి సముద్రంలో పోశాడు. సామెత కోసం అనడం లేదు, నిజంగానే. కింద చదవండి.

ప్రశ్న: సముద్రం నీళ్ళతో కరెంటు తియ్యాలని చూశాడని నెట్‌లో చదివాను. మాది సముద్రం పక్క ఊరు, మా దగ్గర అట్లాంటిది పెట్టొచ్చా? (వాకాడు మండలం, తిరుపతి జిల్లా)

జవాబు: ముందు ఆయనేం చేశాడో చెప్తాను. సముద్రం పైన నీళ్ళు మన వైపు వెచ్చగా 27, 28 డిగ్రీలుంటాయి, కిలోమీటరు లోతులో అయిదారు డిగ్రీలే. ఈ తేడాతో ఇంజను నడపొచ్చని 1881లోనే దార్సోన్వాల్ అన్నాడు, ఈయన క్లోడ్‌కి గురువులాంటి స్నేహితుడు. మళ్ళీ అదే, ఆలోచన ఇంకొకరిది. 1926 నవంబరులో ఫ్రెంచి సైన్స్ అకాడమీలో పెద్దలందరి ముందూ క్లోడ్, పోల్ బూషెరో కలిసి ఒక ఆట చూపించారు. ఒక గాజు పాత్రలో గోరువెచ్చని నీళ్ళు, ఇంకోదానిలో మంచుముక్కలు, మధ్యలో చిన్న టర్బైను. పంపు పెట్టి గాలి లాగేయగానే 28 డిగ్రీల నీళ్ళు మరగడం మొదలుపెట్టాయి, ఒత్తిడి పోతే నీళ్ళు చల్లగా ఉండే మరుగుతాయి కదా, ఆ ఆవిరి మంచు వైపు పరిగెత్తుతూ టర్బైన్ని తిప్పింది, చిన్న బల్బులు వెలిగాయి. పొయ్యి లేదు, బొగ్గు లేదు.

టేబుల్ మీద వెలిగిన బల్బు సముద్రం ఒడ్డున వెలగడానికి ఆయన ఆస్తి కరిగింది. క్యూబాలోని మాతాన్సాస్ దగ్గర అడుగు నుంచి చల్లనీళ్ళు తోడటానికి మనిషి నిలబడేంత వెడల్పున్న, రెండు కిలోమీటర్ల పొడవున్న ఇనుప గొట్టం దించాలి. దించుతుండగానే ఒకటి పోయింది, రెండోదీ పోయింది. మూడోది నిలిచి 1930లో 22 కిలోవాట్ల కరెంటొచ్చింది. పంపులకే అంతకంటే ఎక్కువ ఖర్చయ్యేది! తర్వాత తుఫాను ఆ గొట్టాన్నీ తీసుకుపోయింది. పట్టు వదల్లేదాయన, ట్యునిసీ అనే సరుకు ఓడ కొని దాని మీద ప్లాంటు బిగించి, బ్రెజిల్ తీరంలో ఐసు చేసి అమ్ముదామనుకున్నాడు. అక్కడా అలలు గొట్టాన్ని నిలవనివ్వలేదు. ప్రతిసారీ సిద్ధాంతం గెలిచింది, గొట్టం ఓడింది. తోలు వాషరు లాంటిది ఇక్కడ ఆయనకు దొరకలేదు.

మీ ఊరి దగ్గరంటారా, కష్టం. మన తీరంలో సముద్రం అడుగు మెల్లగా దిగుతుంది, లోతు కావాలంటే చాలా దూరం పోవాలి, అంత పొడవు గొట్టం ఎవరు వేస్తారు. లక్షద్వీప్‌లో అట్లా కాదు, ఒడ్డు దాటగానే గోడలా లోతు. అందుకే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు 2005లో కవరత్తి దీవిలో ప్లాంటు పెట్టారు, కరెంటుకి కాదు, మంచినీళ్ళకి. వెచ్చని ఉప్పునీళ్ళను వాక్యూమ్‌లో ఆవిరి చేసి సుమారు 350 మీటర్ల లోతు నుంచి తెచ్చిన చల్లనీళ్ళతో చల్లారిస్తే, రోజుకు లక్ష లీటర్ల తాగేనీళ్ళు. అకాడమీ టేబుల్ మీద క్లోడ్ చూపించిన ఆటే, టర్బైన్ తీసేస్తే.

ప్రశ్న: ఇప్పుడన్నా చెప్పండి, జైలుకెందుకెళ్ళాడు? అట్లాంటి మనిషి గురించి పిల్లలకు పాఠం చెప్పొచ్చా? నేను రిటైరైన హెడ్మాస్టర్ని, ఇప్పటికీ సాయంత్రాలు పిల్లలకు సైన్సు కథలు చెప్తుంటాను. (చిత్తూరు)

జవాబు: మాస్టారూ, ఈ ఒక్క జవాబు రాయడానికి నాకు రెండ్రోజులు పట్టింది.

1940 జూన్‌లో ఫ్రాన్సు హిట్లర్‌కి లొంగిపోయింది. ఉత్తర భాగం, పారిస్‌తో సహా జర్మన్ సైన్యం చేతిలో, దక్షిణాన విషీ ఊళ్ళో వాళ్ళు చెప్పినట్టల్లా వినే ప్రభుత్వం. ఆ రోజుల్లో జర్మన్లతో సహకరించాలి, కలిసి నడవాలి అని బహిరంగంగా ప్రచారం చేసిన పెద్దమనుషుల్లో క్లోడ్ ఒకడు. ఏదో భయంతో ఒకసారి తలూపినవాడు కాదు. ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, కరపత్రాలు రాశాడు, అకాడమీ సభ్యుడన్న పేరు ఆ మాటల వెనక పెట్టాడు. ఆయన అంతకు ముందు నుంచే రాజరికం మళ్ళీ రావాలనే ఆక్సియోన్ ఫ్రాన్సేజ్ వాళ్ళతో ఉన్నాడు, ఓట్ల రాజ్యమంటే గిట్టేది కాదు. 1944లో పారిస్ విముక్తి అయ్యాక అరెస్టు చేశారు, అకాడమీ నుంచి పేరు కొట్టేశారు, 1945లో విచారణ జరిగి యావజ్జీవం పడింది. లండన్ మీద పడ్డ వీ-1 ఎగిరే బాంబు తయారీకి సాయం చేశాడని కూడా అన్నారు గానీ ఆ ఆరోపణ కోర్టులో నిలవలేదు. కాబట్టి శిక్ష బాంబుకి కాదు, ప్రచారానికి. 1950లో వదిలేశారు, అప్పటికి 79 ఏళ్ళు. 1960 మేలో పారిస్ పక్కనే సెన్‌క్లూలో పోయాడు.

పాపం సైంటిస్టు, లోకం తెలీని మనిషి, రాజకీయాల్లో మోసపోయాడు అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ఎందుకంటే నాజీలకు ఎదురునిలిచిన పోల్ లాంజెవిన్ అనే ఫిజిక్సు శాస్త్రవేత్త ఉన్నాడు. క్లోడ్ చదివింది పారిస్‌లోని పారిశ్రామిక భౌతిక రసాయన శాస్త్రాల కాలేజీలో, 1889లో బయటికొచ్చాడు, పియర్ క్యూరీ పాఠాలు చెప్పిన కాలేజీ, మేరీ క్యూరీ రేడియం పని చేసిన షెడ్డు కూడా దానిదే. లాంజెవిన్‌దీ అదే కాలేజీ, తర్వాత దానికి డైరెక్టరు కూడా అయ్యాడు. 1940 అక్టోబరులో జర్మన్లు లాంజెవిన్ని పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు, ఆ తర్వాత ఊరు కదలకూడదని కట్టడి చేశారు. ఆయన అల్లుడు జాక్ సొలొమన్, ఆయన కూడా ఫిజిక్సు మనిషే, అతన్నయితే 1942 మేలో జర్మన్లు కాల్చి చంపారు. ఒకే కాలేజీ, ఒకే ఊరు, ఒకే కబుర్లు చెవినపడే మనుషులు. ఒకడికి కనబడింది ఇంకొకడికి కనబడలేదంటే అది కళ్ళ తప్పు కాదు.

పాఠం చెప్పొచ్చా అంటే, చెప్పండి మాస్టారూ. నేను క్లాసులో జర్మన్ కెమిస్టు హేబర్ అమ్మోనియా పద్ధతి చెప్పేటప్పుడు ఎరువులూ చెప్పాను, మొదటి యుద్ధంలో ఆయనే దగ్గరుండి వదిలించిన క్లోరిన్ విషవాయువూ చెప్పాను. క్లోడ్ కూడా ఆ యుద్ధంలో ఫ్రాన్సు తరఫున ద్రవ క్లోరిన్ పని చేశాడు, అమ్మోనియా తయారీలో హేబర్ పద్ధతి కంటే నాలుగైదు రెట్ల ఒత్తిడితో, వెయ్యి వాతావరణాల దాకా పోయి సొంత పద్ధతి తెచ్చాడు. అప్పుడు దేశం నెత్తిన పెట్టుకుంది. పిల్లలకు తోలు వాషరు కథ చెప్పిన రోజునే లాంజెవిన్ అల్లుడి కథ కూడా చెప్పేయండి, రెండో రోజుకు వాయిదా వెయ్యకండి, రెండో రోజు సగంమంది రారు. నేను పోయినసారి చేసిన తప్పు అదే, సగం రాసి ఆపడం.

ప్రశ్న: మా హోటల్లో మా మామగారు పెట్టించిన పాత నియాన్ బోర్డుంది, కామధేనువు బొమ్మ. పదేళ్ళ నుంచి వెలగడం లేదు. లోపల గ్యాసు అయిపోయిందంటున్నారు, పారేయమంటారా? (గృహిణి, పుత్తూరు)

జవాబు: పారేయొద్దమ్మా. గాజు ఎక్కడా చిట్లకపోతే గ్యాసు ఎక్కడికీ పోదు, నలభై ఏళ్ళయినా లోపలే ఉంటుంది. సాధారణంగా పోయేది ట్రాన్స్‌ఫార్మరు, లేదంటే వైర్ల మీది రబ్బరు పగిలి ఉంటుంది. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి, వేల వోల్టుల మీద నడిచే సరుకది, నియాన్ పని తెలిసినవాళ్ళ చేత ట్రాన్స్‌ఫార్మరు మార్చి చూపించండి. దించేటప్పుడు పైన పేరుకున్న నూనె మసి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నీలంగా వెలిగే గొట్టాలైతే మాత్రం లోపల పాదరసం ఉంటుంది, పగిలితే చీపురుతో ఊడ్చకండి, కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి, అట్టముక్కతో ఎత్తి మూతున్న సీసాలో వెయ్యండి. మీ కామధేనువు ఏ రంగో రాయలేదు. ఆవు తెల్లగా వెలిగేదా, ఎర్రగానా? కనుక్కుని ఒక ఫొటో పంపండి.